మన మతమే సరైనదని మనకెందుకు అనిపిస్తుంది? మా పాప అడిగింది, జవాబు చెప్పలేకపోయా

ఒంగోలు_నాన్న | ఆదివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. రెండేళ్ళ నుంచి ఇక్కడ చదువుతున్నా గానీ టాపిక్ పెట్టడం ఇదే మొదలు, తప్పులుంటే సర్దుకోండి.

మా పాపకి తొమ్మిదేళ్ళు. హైదరాబాద్‌లో ఉంటాం. మా ఎదురు ఫ్లాట్ అమ్మాయీ ఇదీ ఒకే క్లాసు, ఒకే ఆటో, సాయంత్రం అయితే ఇక్కడో అక్కడో ఒకే కంచంలో తింటుంటారు. వాళ్ళు చర్చికి వెళ్తారు. ఇవాళ పొద్దున నేను దేవుడి గూట్లో పటాలన్నీ దించి నూనె జిడ్డు తుడుస్తున్నా, పాప పక్కన కూర్చుని కుంకుమ భరిణెలు సర్దుతోంది. ఉన్నట్టుండి "నాన్నా, వాళ్ళ సండే స్కూల్లో యేసయ్య ఒక్కడే నిజం దేవుడని చెప్పారంట, మనవి ఉత్త బొమ్మలంట, నిజమేనా" అంది. అందరం చెప్పే మాటే నేనూ చెప్పా, దేవుడు ఒక్కడేనమ్మా పేర్లే వేరు అని. అది వదల్లేదు. "మరి నేను వాళ్ళింట్లో పుట్టుంటే నాకు కూడా ఇవి బొమ్మల్లాగే కనపడేవి కదా" అంది, చేతిలో భరిణె మూత తిప్పుకుంటా.

నా చేతిలో వెంకటేశ్వరస్వామి పటం ఉంది అప్పుడు. నోట మాట రాలేదు.

పొద్దుట్నుంచీ అదే ఆలోచన. నేను ఏ పుస్తకం చదివి స్వామిని నమ్మాను? ఏదీ చదవలేదు. నా పదో తరగతి పరీక్షలప్పుడు మా అమ్మ మొక్కుకుని అలిపిరి నుంచి 3550 మెట్లూ పసుపు కుంకుమ రాసుకుంటా ఎక్కింది, నేను వెనకాల పళ్ళెం పట్టుకుని నడిచాను. మోకాళ్ళ పర్వతం దగ్గర ఆమె చీర కుచ్చెళ్ళు పసుపుతో తడిసిపోయి ఉన్నాయి. నా నమ్మకం అంతా ఆ చీర అంచులో ఉంది, ఇంకెక్కడా లేదు. ఎదురింటి వాళ్ళకి కూడా ఇలాంటిదే ఏదో ఉండుంటుంది. మరి ఇద్దరం మాదే సరైనదని ఎలా అనుకుంటున్నాం? పుట్టిన ఇంటి అడ్రస్సేనా ఇదంతా? తెలిసినవాళ్ళు నిజాయితీగా చెప్పండి, పాపకి జవాబు బాకీ ఉన్నాను.

పటమట_హేతువాది | ఆదివారం, రాత్రి 10:15

మీ పాప ప్రశ్న చాలా మంది పెద్దవాళ్ళు జీవితంలో ఒక్కసారి కూడా వేసుకోని ప్రశ్న, ముందు ఆ పిల్లకి అభినందనలు చెప్పండి.

నా జవాబు సూటిగా చెప్తా. అవును, అడ్రస్సే. ప్యూ రీసెర్చ్ అనే అమెరికా సర్వే సంస్థ వాళ్ళు 2019 చివర, 2020 మొదట్లో మన దేశంలో దాదాపు 30 వేల మందిని ఇంటింటికీ వెళ్ళి అడిగారు, రిపోర్ట్ 2021లో వచ్చింది. ఏ మతంలో పెరిగారు, ఇప్పుడు ఏ మతం అని అడిగితే రెండిటికీ ఒకే జవాబు చెప్పినవాళ్ళు 98 శాతం. అన్ని మతాలూ చదివి, పోల్చి చూసి తేల్చుకునే వ్యవహారమే అయితే ఆ లెక్క ఇలా వస్తుందా? 2500 ఏళ్ళ కిందటే గ్రీకుల్లో జెనోఫనీస్ అనే ఆయన అన్నాడు, ఇథియోపియా వాళ్ళ దేవుళ్ళు నల్లగా చప్పిడి ముక్కుతో ఉంటారు, థ్రేస్ వాళ్ళ దేవుళ్ళకి నీలి కళ్ళు ఎర్ర జుట్టు ఉంటాయి అని.

రెండోది మొక్కులు. మొక్కు తీరినవాడు గుండు గీయించుకుని ఊరంతా ప్రసాదం పంచుతాడు. తీరనివాడు ఎవరికీ చెప్పడు, ఇంట్లో కూర్చుంటాడు. మన చెవిన పడేవన్నీ తీరిన మొక్కులే, ఏ మతంలో అయినా ఇంతే. అందుకే ప్రతివాడికీ తన దేవుడు పలికే దేవుడే.

కడప_పెద్దదర్గా | ఆదివారం, రాత్రి 11:02

ఒంగోలు అన్నా, అస్సలాము అలైకుం. ఈ ప్రశ్న మాకు కొత్త కాదు. మా దగ్గర ఒక హదీసు ఉంది, ప్రతి బిడ్డా ఫిత్రత్ మీద, అంటే పుట్టుకతో వచ్చే సహజ గుణం మీద పుడతాడు, తల్లిదండ్రులే వాణ్ణి యూదుడిగానో క్రైస్తవుడిగానో అగ్నిపూజకుడిగానో చేస్తారు అని. ఇమామ్ గజాలీ అని తొమ్మిది వందల ఏళ్ళ కిందటి పెద్ద ఆలిమ్, మత పండితుడు, ఆయన చిన్నప్పట్నుంచీ ఇదే చూసి కలత పడినాడంట, క్రైస్తవుల పిల్లలు క్రైస్తవులుగా, యూదుల పిల్లలు యూదులుగా, ముస్లింల పిల్లలు ముస్లింలుగానే పెరుగుతాండారే, మరి నాకు తెలిసింది నిజంగా నాకు తెలిసిందేనా, లేక మా నాయన చెప్పిందేనా అని. 1095లో బాగ్దాద్‌లో అంత పెద్ద మదరసా ఉద్యోగం వదిలేసి వెళ్ళిపోయినాడు, ఏళ్ళ తరబడి తిరిగినాడు. తిరిగి తిరిగి దీన్‌లోకే, మా ధర్మంలోకే వచ్చినాడు, కాకపోతే ఈసారి సొంత కాళ్ళ మీద వచ్చినాడు. కాబట్టి ఈ ప్రశ్న వచ్చినంత మాత్రాన ఈమాన్, అంటే నమ్మకం, పోవాల్సిన పనిల్యా.

హేతువాది సార్, మీకొక మాట. నేను తెలుగు మాట్లాడతాండా. మా ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. రెండూ నేను ఎంచుకోలా. పుట్టుకతో వచ్చింది కాబట్టి నా తెలుగు అబద్ధమైపోతుందా?

పటమట_హేతువాది | ఆదివారం, రాత్రి 11:20

భయ్యా, పోలిక బాగుంది కానీ సరిపోదు. తెలుగు ఎప్పుడూ తమిళం తప్పు అనలేదు కదా. మతం అంటుంది. ఆ పాపకి చెప్పింది కూడా అదే, మావాడు నిజం మీవి బొమ్మలు అని. నాది నాకిష్టం అనడం వేరు, నాదే నిజం అనడం వేరు. మొదటిదానికి ఎవరూ అడ్డు చెప్పరు.

కడప_పెద్దదర్గా | ఆదివారం, రాత్రి 11:31

ఒప్పుకుంటా. ఆ తేడా ఉంది. కానీ మీ ఇంట్లో పిల్లలు ఉన్నారా సార్? వాళ్ళు దేవుడు లేడంటారా ఉన్నాడంటారా?

పటమట_హేతువాది | సోమవారం, ఉదయం 6:10

రాత్రి జవాబు ఇవ్వలేక ఫోన్ పక్కన పెట్టేశాను. ఒక కొడుకు, ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. లేడంటాడు. ఎందుకంటే నేను లేడన్నాను కాబట్టి. మా నాన్న 1960ల్లో గోరా గారి నాస్తిక కేంద్రంలో సహపంక్తి భోజనాలకి వెళ్ళేవాడు, నన్ను భుజాల మీద ఎక్కించుకుని తీసుకెళ్ళేవాడు, అక్కడే నాకు ఇదంతా వచ్చింది. అంటే నేను కూడా ఆ 98లోనే ఉన్నానన్నమాట. ఇంతకు ముందు ఇలా ఆలోచించలేదు. థాంక్స్ భయ్యా.

మెతుకుసీమ | సోమవారం, ఉదయం 8:45

నాకైతె ఈ సరైనది సరికానిది అనే ముచ్చటే మా ఊర్ల ఎవ్వరు అడగలే. మాది మెదక్ దగ్గర పల్లె. పీర్ల పండుగ వస్తె మా బాపు పీరు ఎత్తుకునేటోడు, మేము ముదిరాజులం. పది దినాలు ఇంట్ల నీసు లేదు, చెప్పులు లేవు. రాత్రి నిప్పుల గుండం చుట్టు అస్సైదులా ఆట ఆడుకుంట తిరుగుతుంటె నిప్పులు కండ్లల్ల పడుతుండె. ఆషాఢంల బోనం మా అమ్మ ఎత్తేది. క్రిస్మస్‌కు ఊరు ఊరంత బండ్లు కట్టుకుని మెదక్ పెద్ద చర్చికి పోవుడే. ఆ చర్చి కట్టుడు 1914ల మొదలైంది, 1924 డిసెంబర్ 25 నాడు తెరిచిండ్రు, మధ్యల కరువు పడ్డది, పాస్నెట్ అనే పాదిరి దొర పనికి అన్నం పెట్టిచ్చి కట్టిచ్చిండు. మా ముత్తాత గూడ రాళ్ళు మోసిండట. గాయన బాప్తిస్మం తీస్కోలే, గని చచ్చిపోయేదాంక మెదక్ దిక్కు తిరిగి దండం పెట్టేటోడట, "నా కడుపు నింపిన గుడి" అని.

గిప్పుడు మా ఊర్ల పిల్లలు వాట్సాప్ చూసుకుంట మనది గొప్ప, వాండ్లది తక్వ అని కొట్లాడుతున్నరు. నాకు మనసున పట్టదు. సరైనది ఏది అని అడుగుడు మొదలైనంకనే ఇది వచ్చింది అనిపిస్తది.

గుండ్లకమ్మ | సోమవారం, మధ్యాహ్నం 1:20

మెతుకుసీమ అన్నా, మీరు రాసింది చదువుతుంటే కళ్ళు చెమర్చాయి, కానీ ఒకటి అడుగుతాను ఏమనుకోవద్దు. మీ ఊళ్ళో పీరు మాదిగోళ్ళు ఎత్తుకునేవాళ్ళా? బోనం ఎత్తిన మాదిగామె గుడి లోపలికి వచ్చేదా? అందరూ కలిసి చేసుకున్న పండగ అంటారు, ఆ అందరిలో ఎవరెక్కడ నిలబడ్డారో కూడా చెప్పాలి కదా.

ఒంగోలు అన్నా, నేను మీ జిల్లా దాన్నే. మా ఇంటి కథ చెప్తాను, మీ పాప ప్రశ్నకి ఇది ఇంకో వైపు. మా వాళ్ళకి మతం అడ్రస్ బట్టి రాలేదు. మా వాళ్ళు ఎంచుకున్నారు. 1866లో తాళ్ళకొండపాడు నుంచి యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద బాప్తిస్మం తీసుకున్నాడు, తోళ్ళ వ్యాపారం చేసుకుంటా ఊరూరా తిరిగి ఆయనే మా వాళ్ళకి చెప్పాడు, దొరలు కాదు ముందు చెప్పింది. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. మా నాయనమ్మ వాళ్ళ తాతమ్మ ఆ నీళ్ళలో ఉందని మా ఇంట్లో చెప్పుకుంటారు. కాగితం ఏమీ లేదు, మాట ఉంది అంతే. ఆమెకి అప్పటిదాకా పేరు కూడా ఊరి పెద్ద పెట్టిందేనంట, ఇంకెవరూ ఆ పేరుతో పిలవడానికి సిగ్గుపడే పేరు. ఆ రోజు ఏట్లోంచి లేచాక సారమ్మ అయింది. మీరు అడిగారు చూడండి ఎందుకు సరైనదనిపిస్తుంది అని. మాకు అందుకు అనిపిస్తుంది. ఆ దేవుడు ఉన్నాడా లేడా అని లెక్క వేసి కాదు, మమ్మల్ని ముట్టుకున్నాడు కాబట్టి.

"అన్నీ ఒకటే" అనే మాట మంచి మాటే. కానీ ఆ మాట గుడి లోపల నిలబడి అనడం తేలిక. బయట నిలబెట్టినవాళ్ళకి అన్నీ ఒకటి కాలేదు.

రాజమండ్రి_66 | సోమవారం, మధ్యాహ్నం 2:05

మేడం ఇవన్నీ తెలిసినవే, అప్పుడు కరువు, బియ్యం కోసం మారారు. దాన్ని ఎంచుకోవడం అనరు.

గుండ్లకమ్మ | సోమవారం, మధ్యాహ్నం 2:50

ఈ మాట నేను స్కూల్లో విన్నాను, కాలేజీలో విన్నాను, పెళ్ళిచూపుల్లో కూడా విన్నాను. జవాబు చెప్తాను, కోపంతో కాదు. 1876 నుంచి 78 దాకా కరువు. ఒంగోలు మిషన్ నడిపిన అమెరికన్ పాదిరి క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకం పనిలో కొంత కాంట్రాక్టు తీసుకుని మా వాళ్ళకి కూలి ఇప్పించాడు. ఆ కరువు కాలంలో బాప్తిస్మం ఇమ్మని ఎంతమంది అడిగినా ఆయన ఇవ్వలేదు, తిండి కోసం వచ్చారనే మాట రాకూడదని. ఆపాడు. కరువు సాయం పంచడం అయిపోయాకే 1878లో ఇచ్చాడు. తిండి అయిపోయాక కూడా వచ్చారు అండీ.

ఒకవేళ బియ్యం కోసమే వచ్చారనుకుందాం. ఆకలితో చచ్చేవాడికి అన్నం పెట్టిన చోట దేవుడు కనపడితే అది తక్కువ నమ్మకం ఎలా అవుతుంది? మెతుకుసీమ అన్న వాళ్ళ ముత్తాత కూడా అదే అన్నాడు కదా, నా కడుపు నింపిన గుడి అని.

ఇంకొకటి, హేతువాది గారి 98 శాతం గురించి. 1950 రాష్ట్రపతి ఆర్డర్ ప్రకారం ఎస్సీ అంటే హిందువే అవ్వాలి, 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు, క్రైస్తవుల్ని కలపలేదు. క్రైస్తవులమని రాయించుకుంటే మాకు ఇక్కడ ఎస్సీ కాదు, బీసీ-సి. కాబట్టి మా పేటల్లో ఆదివారం చర్చిలో పాట పాడేవాళ్ళలో సర్టిఫికెట్ మీద వేరే మతం ఉన్నవాళ్ళు ఎందరో. గేటు దగ్గర ఎవరో కాగితం పట్టుకుని వచ్చి మీ మతం ఏంటి అని అడిగితే ఏం చెప్పాలో మా పిల్లలకి చిన్నప్పుడే నేర్పుతారు. మా ఇళ్ళల్లో అంత నిబ్బరంగా జవాబు రాదు సార్.

మోడరేటర్ | సోమవారం, మధ్యాహ్నం 3:00

రాజమండ్రి_66 గారు, తర్వాత పెట్టిన రెండు పోస్టులు తీసేశాం. టాపిక్ మీద రాయండి, మనుషుల మీద వద్దు. మిగతావాళ్ళు కొనసాగించండి.

మెతుకుసీమ | సోమవారం, సాయంత్రం 6:30

గుండ్లకమ్మ అక్కా, నువ్వు అడిగినవ్ గద, పొద్దుందాక యాద్ చేసుకున్న. డప్పు మాత్రం మాదిగోళ్ళే కొడుతుండె, గుండం తవ్వుడు కట్టెలు తెచ్చుడు గూడ వాండ్లే. పీరు వాండ్ల చేతికి ఇచ్చినట్టు నాకు యాద్ లేదు. నువ్వు అడిగేదాంక నాకు ఇది కనిపియ్యనే లేదు. మా బాపు మంచోడే. గని నేను చెప్పింది సగమే.

సంస్కృతం_మాస్టారు | సోమవారం, రాత్రి 8:10

ఆలస్యంగా చూశాను. డెబ్బై నాలుగేళ్ళవాణ్ణి, టైపింగ్ నెమ్మది, ఓపికగా చదవండి.

ఇలాంటి చర్చల్లో గీత మూడో అధ్యాయం 35వ శ్లోకం, "స్వధర్మే నిధనం శ్రేయః పరధర్మో భయావహః" అన్నది తెచ్చి, చూశారా సొంత మతమే శ్రేష్ఠమని భగవంతుడే చెప్పాడు అంటుంటారు. అక్కడ ధర్మం అంటే మనం ఇప్పుడు అనుకునే మతం కాదు. యుద్ధం మానేస్తానన్న క్షత్రియుడికి నీ విధి నువ్వు చెయ్యమని చెప్పిన మాట. దానికీ హిందూ, క్రైస్తవ, ఇస్లాం అనే ఈ పోటీకీ సంబంధం లేదు. ఆ శ్లోకాన్ని ఇటు లాగకండి అని నా మనవి.

అసలు విషయానికొస్తే, న్యాయశాస్త్రం జ్ఞానానికి నాలుగు ప్రమాణాలు చెప్తుంది. ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. శబ్దం అంటే ఏమిటని అడిగితే "ఆప్తోపదేశః శబ్దః" అన్నాడు గౌతముడు. ఆప్తుడు చెప్పినది. ఆప్తుడంటే విషయం తెలిసినవాడు, తెలిసింది తెలిసినట్టు చెప్పేవాడు, మనల్ని మోసగించాలనే ఉద్దేశం లేనివాడు. ఇప్పుడు చూడండి, మనిషికి మొదటి ఆప్తురాలు ఎవరు? తల్లి. కుంపటి దగ్గర "ఉఫ్, కాలుతుంది" అంది, నిజమైంది. కాకర చేదు అంది, నిజమైంది. చీకట్లో ఏమీ లేదు పడుకో అంది, తెల్లారి చూస్తే ఏమీ లేదు. వెయ్యి మాటలు నిజమైన నోటితోనే "అడుగో జేజి, దండం పెట్టు" అంది. పసివాడు ఆ ఒక్క మాటని విడిగా తీసి పరీక్ష చేస్తాడా? చెయ్యడు, చెయ్యనక్కరలేదు కూడా అనుకుంటాడు. హిందువైనా, ముసల్మానైనా, క్రైస్తవుడైనా, పటమట వారి కుమారుడైనా ఇదే దారి. ఒంగోలు నాయనగారు చీర అంచు అన్నారే, అది ఆప్తవాక్యమే. మన మతం తప్పు అని ఎవరైనా అంటే మనకి అంత రోషం ఎందుకొస్తుందంటే, దేవుణ్ణి అన్నట్టు కాదు, మీ అమ్మ అబద్ధం చెప్పింది అన్నట్టు తగులుతుంది.

గుండ్లకమ్మ గారి పూర్వీకుల విషయం దీనికి విరుద్ధం కాదని నా అభిప్రాయం. ఊరు వారితో ఎన్నడూ ఆప్తంగా మాట్లాడలేదు. పేరయ్య గారు మాట్లాడారు. నమ్మారు. అమ్మా, మా అగ్రహారాల వాళ్ళం మీ వాళ్ళకి ఆప్తులం కాలేకపోయాం, అది మా తప్పు, ఈ మాట ఎక్కడైనా చెప్పగలను.

గుండ్లకమ్మ | సోమవారం, రాత్రి 8:55

మాస్టారూ, ఆ చివరి మాట మా నాయన ఉండగా ఎవరన్నా అని ఉంటే బాగుండేది. మా అమ్మకి చదివి వినిపించాను. నమస్కారం చెప్పమంది.

డల్లాస్_శనివారం | సోమవారం, రాత్రి 11:50

మాస్టారు గారు చెప్పింది చదివాక నాకు నా సంగతి అర్థమైంది. గుంటూరులో ఉన్నప్పుడు నేను ఏడాదికి రెండుసార్లు గుడికెళ్ళేదాన్నేమో. ఇక్కడికొచ్చి పద్నాలుగేళ్ళు, ఇప్పుడు ప్రతి శనివారం వెళ్తాను, వాలంటీర్‌గా పులిహోర కలుపుతాను, పిల్లల్ని బాలవిహార్‌లో వేశాను. మా అమ్మే ఆశ్చర్యపోతుంది, నువ్వేనా అని. మా నాన్న పోయినప్పుడు టికెట్ దొరికేలోపు అంతా అయిపోయింది, నేను వీడియో కాల్‌లో చూశాను. ఆ రోజు రాత్రి గుడి వంటింట్లో చింతపండు గుజ్జు పిసుకుతూ ఏడ్చాను, పక్కన ఇద్దరు ఆడవాళ్ళు ఒక్క మాట అనకుండా నా చేతిలోంచి గిన్నె తీసుకుని నన్ను కూర్చోబెట్టారు. అప్పట్నుంచి మా దేవుడే నిజం అని ఎవరైనా అంటే నేను కాదనలేను. ఇది లాజిక్ కాదని నాకు తెలుసు. ఇదే ఊళ్ళో మలయాళీ చర్చిలో, హైదరాబాదీల మసీదులో కూడా ఇలాగే ఎవరో ఎవరి చేతిలోంచో గిన్నె తీసుకుంటూనే ఉంటారు, అదీ తెలుసు.

నెల్లూరు_చెరువుకట్ట | మంగళవారం, ఉదయం 7:30

హేతువాది అన్నా, మొక్కుల గురించి మీరు రాసిన దానికి నాది ఒక సాక్ష్యం.

మా ఊళ్ళో మొహర్రంకి బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండగ. స్వర్ణాల చెరువులో మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, ఆరోగ్యం రొట్టె, ఏది కావాలంటే ఆ రొట్టె పట్టుకున్నవాళ్ళని అడిగి తీసుకుని తినాలి. కోరిక తీరితే మళ్ళా ఏడు అదే రొట్టె చేసుకొచ్చి ఇంకొకళ్ళకి ఇవ్వాలి. అంటే ఇచ్చేవాళ్ళంతా తీరినవాళ్ళే. మీరన్నది అక్షరాలా నిజం, ఆ చెరువులో నిలబడితే ఎటు చూసినా తీరినవాళ్ళే కనపడతారు, తీరనివాళ్ళు ఇచ్చే వరసలో ఉండరు.

నేను సంతానం రొట్టె అయిదేళ్ళు తీసుకున్నా. తీరలేదు. డాక్టర్లు కూడా ఇంక వద్దన్నారు. అయినా పోతా ఉన్నా. రెండో ఏడు రొట్టె ఇచ్చిన ఆమె బురఖాలో ఉండింది, చంకలో పసిబిడ్డ. గోధుమ రొట్టె తడి గుడ్డలో చుట్టింది, చివర్లు కొంచెం మాడి ఉన్నాయి. నా చేతిలో పెట్టి నా గడ్డం పట్టుకుని "ఏడవొద్దు అక్కా, నాకు ఎనిమిదేళ్ళకి" అనింది. నాకు బొట్టు ఉంది, ఆమె చూసింది కూడా. ఎవరి దేవుడు అని ఆమె అడగలేదు, నేను అడగలేదు. నాకు ఆ కోరిక తీరలేదు. ఆ చెయ్యి గుర్తుంది. మీ లెక్కలో నేను ఏ వైపు వస్తానో నాకు తెలీదు అన్నా.

పటమట_హేతువాది | మంగళవారం, ఉదయం 8:05

నా లెక్కలో మీకు చోటు లేదమ్మా. లెక్కే మార్చుకోవాలి నేను.

పత్తికొండ_సోషల్_టీచర్ | మంగళవారం, మధ్యాహ్నం 12:40

లంచ్ బ్రేక్‌లో రాస్తున్నా. మా కర్నూలు జిల్లాలో ఎర్రగుడి ఉంది, గుత్తి పత్తికొండ రోడ్డుకి దగ్గర్లో, అశోకుడి శాసనాలు ఉన్న గుట్ట. ప్రతి ఏడాది తొమ్మిదో తరగతి పిల్లల్ని తీసుకుపోతాను. ఎండకి బండ కాలిపోతుంటాది, అక్షరాలు వేలితో తడిమితే తప్ప తెలియవు. చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకి ఉంటాయి, పిల్లలకి అది మహా ఇష్టం.

అక్కడున్న పద్నాలుగు పెద్ద శాసనాల్లో పన్నెండోది సరిగ్గా ఈ చర్చ గురించే. భక్తి ఎక్కువై తన మతాన్నే పొగిడి ఇంకొకరి మతాన్ని తిట్టేవాడు తన మతానికే ఎక్కువ నష్టం చేస్తాడు అని భావం. ప్రాకృతంలో "వచగుతి" అనే మాట వాడినాడు, నోటిని అదుపులో పెట్టుకోవడం. ఇక్కడ నేను పిల్లలకి నొక్కి చెప్పేది ఏందంటే, అశోకుడు అన్నీ ఒకటే అనలేదు. ఆయన బౌద్ధుడు, తన దారి తాను ఎంచుకున్నాడు, దాచుకోలేదు. ఎదుటివాళ్ళది వినండి, వాళ్ళ ధర్మం కూడా తెలుసుకోండి అన్నాడు. 2,250 ఏళ్ళ కిందట ఒక రాజు మా ఊరి బండ మీద చెక్కించిన మాట. గుండ్లకమ్మ మేడం బాధ, కడప అన్న ఈమాన్, రెండిటికీ ఇందులో చోటుంది అనిపిస్తాది నాకు. అన్నీ ఒకటే అంటే ఇద్దరికీ నొప్పే కదా.

ఇంకో మాట. పోల్చి చూసుకుని ఎంచుకున్నవాళ్ళు లేరనుకోవద్దు. అంబేడ్కర్ గారు 1935లో యేవలాలో హిందువుగా చావను అన్నారు, నాగపూర్‌లో దీక్ష తీసుకున్నది 1956 అక్టోబర్ 14. మధ్యలో 21 ఏళ్ళు. ఆయన చూసుకున్నది ఏ దేవుడు ఉన్నాడు అని కాదు, ఏ దారిలో మనిషిని మనిషిగా చూస్తారు అని. సరైనది అనే మాటకి ఆయన పెట్టుకున్న కొలతే వేరు. మనం ఆ కొలతతో ఎప్పుడన్నా మన మతాన్ని కొలిచామా అని నేను స్టాఫ్‌రూమ్‌లో అడిగితే మొన్న ఎవరూ మాట్లాడలేదు.

బెల్ కొట్టారు, ఉంటా.

కడప_పెద్దదర్గా | మంగళవారం, మధ్యాహ్నం 1:30

టీచర్ అన్నా, మంచి మాట చెప్పినావు. ఖురాన్‌లో కూడా "లకుం దీనుకుం వలియ దీన్" అని ఉంది, మీ ధర్మం మీకు, నా ధర్మం నాకు. రెండూ ఒకటే అనలేదు అక్కడ కూడా.

మా ఊళ్ళో ఉగాది పొద్దున ముస్లింలు దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడికి పోతారు, టెంకాయ కొడతారు. బీబీ నాంచారి మా ఆడబిడ్డ, ఆమెను స్వామికిచ్చినాం, పండగపూట ఆడబిడ్డ ఇంటికి పోకుండా ఎట్లుంటాం అంటారు. మా జేజి, అంటే మా అవ్వ, పోయేది, బియ్యం చింతపండు సంచిలో పెట్టుకుని, పుట్టింటి సారె మాదిరి. నేను పోను. నా అఖీదాకి, అంటే నేను పట్టుకున్న మత విశ్వాసానికి, అది కుదరదు, చదువుకున్నాక నాకట్ల అనిపించింది, దాచను. కానీ మా జేజిని తప్పు అనడానికి నాకు నోరు రాదు. నాకు బిస్మిల్లా నేర్పింది ఆ నోరే. మాస్టారు చెప్పిన ఆప్తురాలు నాకు ఆమే. ఒకే మనిషి నుంచి వచ్చిన రెండు మాటల్లో ఒకటి పట్టుకుని ఒకటి వదిలినా. ఇది మనసులో ముల్లు మాదిరి ఉంది, ఇక్కడ తప్ప ఎక్కడా చెప్పలా.

సంస్కృతం_మాస్టారు | మంగళవారం, సాయంత్రం 5:15

నాయనా, నాగార్జునకొండ శాసనాలు చూడు. ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం చేసినవాడు. ఆయన తోడబుట్టిన చాంతిశ్రీ బుద్ధుడి మహాచైత్యానికి దానాలిచ్చింది. ఒకే ఇల్లు. అన్న యజ్ఞశాలలో, చెల్లెలు చైత్యం దగ్గర. మీ జేజీ నువ్వూ ఆ ఇంటివాళ్ళే అనుకో.

ఒంగోలు_నాన్న | బుధవారం, రాత్రి 10:20

అన్నీ చదివాను, కొన్ని రెండుసార్లు. మా ఆవిడకి కూడా చదివి వినిపించాను, నెల్లూరు అక్క పోస్టు దగ్గర తను లేచి లోపలికి వెళ్ళిపోయింది.

నిన్న రాత్రి పాపని పడుకోబెడుతూ చెప్పాను. "నువ్వన్నది నిజమేనమ్మా, వాళ్ళింట్లో పుట్టుంటే నీకు అలాగే అనిపించేది. నాకు మీ నాయనమ్మ చెప్పింది, ఆమె నాతో ఎప్పుడూ అబద్ధం ఆడలేదు, అందుకని నమ్మాను. ఆ అమ్మాయికి వాళ్ళమ్మ చెప్పింది" అన్నాను. కాసేపు పైకి ఫ్యాన్ చూస్తా పడుకుంది. తర్వాత "మరి వాళ్ళమ్మ కూడా అబద్ధం ఆడదు కదా, నాకు జ్వరమొస్తే ఆంటీయే కదా తడిగుడ్డ వేసింది" అంది. అవునన్నాను. అక్కడితో ఆగాను, అంతకు మించి నా దగ్గర లేదు, ఉన్నట్టు నటించలేదు.

గుండ్లకమ్మ అక్కా, మీరు గుడి లోపల నిలబడి అనడం తేలిక అన్నారు కదా. పాపకి ఆ మాట కూడా చెప్పాలి, ఇంకొంచెం పెద్దదయ్యాక కాదు, ఇప్పుడే, ఎలా చెప్పాలో వెతుక్కుంటున్నా. మా ఊళ్ళో గుడికి ఎవరు రాలేకపోయేవాళ్ళో నాకు తెలుసు, వాళ్ళ పిల్లలతో గోళీలాడాను నేను.

ఇవాళ పొద్దున ఆటోలో పాప ఆ అమ్మాయిని అడిగిందంట, "నువ్వు మా ఇంట్లో పుట్టుంటే నీకు మా దేవుడు నిజం అనిపించేవాడా" అని. ఆ పిల్ల స్కూలు గేటు దాకా ఆలోచించి "మా అమ్మని అడిగి చెప్తా" అందంట.

గుండ్లకమ్మ | బుధవారం, రాత్రి 10:41

వాళ్ళమ్మ ఏమందో తెలిస్తే తప్పకుండా రాయండి అన్నా.